చివరి 48 గంటలు సరే, ముందు ఆరు నెలల సంగతేంటి?

2024 మే 11, శనివారం. సాయంత్రం ఆరయ్యేసరికి ఆంధ్రప్రదేశ్‌లో చాలా నియోజకవర్గాల్లో ఎన్నికల ప్రచారం ఆగిపోయింది. మావోయిస్టు ప్రభావం ఉన్న ఏజెన్సీ నియోజకవర్గాల్లో అంతకు ముందే ఆగింది. తెలంగాణలోనూ లోక్‌సభ ప్రచారానికి అదే చివరి సాయంత్రం. ఎన్నికలు చూసినవాళ్లకు ఆ గంట ఎలా ఉంటుందో కొత్తగా చెప్పక్కర్లేదు. పొద్దున్నుంచి ఒకే పాటను తిప్పి తిప్పి వేసిన ప్రచార ఆటో చివరిసారి బజారు చుట్టి వచ్చి టీ కొట్టు పక్కన ఆగుతుంది. డ్రైవరు యాంప్లిఫయర్ ఆపేస్తాడు. పైన కట్టిన మైకుల తాళ్లు విప్పుతారు. బయటి నియోజకవర్గాల నుంచి వచ్చిన నాయకులు, కార్యకర్తలు ఊరు ఖాళీ చేస్తారు. లాడ్జీల్లో, కల్యాణ మండపాల్లో పోలీసుల తనిఖీలు మొదలవుతాయి. ఇన్నాళ్లూ ఇంత రొదలో బతికామా అనిపించేంతగా ఊరు సద్దుమణుగుతుంది.

అదే టీ కొట్టు దగ్గర నిలబడ్డ మనిషి జేబులో ఫోన్ మాత్రం సద్దుమణగదు. వాట్సాప్ గ్రూపులో ఎవరో వీడియో పంపుతారు. రీల్స్ తెరిస్తే మధ్యలో నాయకుడి ముఖం వస్తుంది. మర్నాడు పొద్దున పేపర్ మొదటి పేజీ నిండా ప్రకటన వేసుకోవడానికి చట్టం అడ్డు చెప్పదు. ఎన్నికల సంఘం కమిటీకి ముందుగా చూపించి అనుమతి తీసుకుంటే చాలు. ఆటో మైకును ఆపిన చట్టం ఫోన్ దగ్గర, పేపర్ దగ్గర ఎందుకు ఆగిపోయిందనేది ఒక ప్రశ్న. అంతకంటే పెద్ద ప్రశ్న ఇంకొకటి ఉంది. ప్రచార ప్రకటనలు ఎప్పుడు ముగియాలో మన చట్టం ఎంతో కొంత చెప్పింది. ఎప్పుడు మొదలవ్వాలో మాత్రం చెప్పలేదు. ఈ రెండో లోటు వల్లే ఎక్కువ నష్టం జరుగుతోంది.

ముందు, ఉన్న చట్టం ఏమిటో చూద్దాం. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 126వ సెక్షన్ ప్రకారం, పోలింగ్ ముగిసే సమయానికి ముందు 48 గంటల్లో బహిరంగ సభలు, ఊరేగింపులు పెట్టకూడదు. సినిమా, టీవీ, అలాంటి ఇతర సాధనాల ద్వారా ‘ఎన్నికల విషయం’ ప్రదర్శించకూడదు. పాటల కచేరీలు, నాటకాలు పెట్టి జనాన్ని పోగుచేసి ప్రచారం చేయకూడదు. ఫలితాన్ని ప్రభావితం చేయాలన్న ఉద్దేశంతో చేసేది ఏదైనా ఎన్నికల విషయమే అవుతుంది. ఉల్లంఘిస్తే రెండేళ్ల వరకు జైలు లేదా జరిమానా, లేదా రెండూ. సెక్షన్ మాటల్లో సినిమా ఉంది, టీవీ ఉంది. పత్రిక పేరు లేదు. ఇంటర్నెట్ పేరు అంతకంటే లేదు. ఇప్పుడున్న రూపం దానికి వచ్చింది 1996 సవరణతో. అప్పటికి మన ఊళ్లలో కేబుల్ టీవీయే కొత్త.

ఈ కేబుల్ టీవీ దగ్గరే తెలుగువాళ్లకు నేరుగా సంబంధం ఉన్న కథ ఒకటి నడిచింది. 1994 నాటి కేబుల్ టెలివిజన్ నెట్‌వర్క్ నిబంధనల్లో 7(3) అనే నిబంధన ఉంది. ప్రధానంగా మతపరమైన, రాజకీయపరమైన ఉద్దేశంతో చేసే ప్రకటనలను కేబుల్ టీవీలో వేయకూడదని దాని సారాంశం. అంటే టీవీలో రాజకీయ ప్రకటనకు గడువు సున్నా. ఏడాది పొడవునా నిషేధమే. 2004లో లోక్‌సభ, శాసనసభ ఎన్నికలు కలిసి వచ్చినప్పుడు ఈ నిబంధనపై జెమినీ టీవీ, మరికొందరు ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వెళ్లారు. వాక్ స్వాతంత్ర్యానికి ఇది విరుద్ధమని మార్చి 23న హైకోర్టు తీర్పు ఇచ్చింది. కేంద్రం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఏప్రిల్ 13న సుప్రీంకోర్టు మధ్యే మార్గం చూపింది. టీవీలో రాజకీయ ప్రకటన వేసుకోవచ్చు, కానీ ముందుగా ఎన్నికల సంఘం ఏర్పాటు చేసే కమిటీకి చూపించి ధ్రువపత్రం తీసుకోవాలి. అప్పటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తొలి విడత పోలింగ్‌కు సరిగ్గా వారం ఉంది. ఏప్రిల్ 20, 26 తేదీల్లో రెండు విడతలుగా ఓట్లు పడ్డాయి. ఆ ఒక్క ఎన్నిక కోసం వచ్చిన ఉత్తర్వు తర్వాత అన్ని ఎన్నికలకూ, దేశమంతటికీ వర్తించింది. ఈనాటి ఎంసీఎంసీలు, అంటే జిల్లా, రాష్ట్ర స్థాయి మీడియా ధ్రువీకరణ, పర్యవేక్షణ కమిటీలు, ఆ ఉత్తర్వు బాటలోనే వచ్చాయి.

ఎంసీఎంసీ ముందుకు ఒక ప్రకటన ఎలా వెళ్తుందో కొంచెం దగ్గరగా చూస్తే వ్యవస్థ బలం, బలహీనత రెండూ తెలుస్తాయి. పార్టీ లేదా అభ్యర్థి, ప్రసారానికి కనీసం మూడు రోజుల ముందు దరఖాస్తు పెట్టుకోవాలి. రిజిస్టర్ కాని పార్టీలు, ఇతరులు అయితే ఏడు రోజుల ముందు. దరఖాస్తుతో పాటు ప్రకటన కాపీలు రెండు, అందులోని ప్రతి మాటా రాసి సంతకం చేసిన ప్రతి ఇవ్వాలి. తీయడానికి ఎంత ఖర్చయింది, ఎన్నిసార్లు వేయబోతున్నారు, ఒక్కోసారికి రేటెంత అన్నవి రాయాలి. డబ్బు చెక్కు లేదా డీడీ ద్వారానే ఇస్తామని చెప్పాలి. పార్టీతో సంబంధం లేనివారు ఇచ్చే ప్రకటన అయితే, ఏ పార్టీ ప్రయోజనం కోసమూ కాదని, ఏ పార్టీ డబ్బూ ఇందులో లేదని ప్రమాణపత్రం జతచేయాలి. కమిటీ అందులోని మాటలు, బొమ్మలు చూస్తుంది. కులం, మతం పేరుతో రెచ్చగొట్టేవి ఉన్నాయా, వ్యక్తిగత దూషణ ఉందా అని చూస్తుంది. ఖర్చు లెక్కల వాళ్లకు వివరాలు పంపుతుంది. ఇదంతా మంచి పనే. కానీ ‘ఈ ప్రకటన ఎన్ని రోజులు వేస్తారు, రోజుకు ఎన్నిసార్లు వేస్తారు, ఇంతకు మించి కుదరదు’ అనే అధికారం ఆ కమిటీకి లేదు. డబ్బున్నవాళ్లు గంటకు పదిసార్లు వేసుకుంటామన్నా కమిటీ అడ్డు చెప్పలేదు. మాటను తనిఖీ చేయగలదు, దాని మోతాదును మాత్రం తగ్గించలేదు.

ఇక చివరి 48 గంటలకు పడ్డ చిల్లుల సంగతి. పత్రికల విషయంలో ఎన్నికల సంఘం 2015 బిహార్ ఎన్నికల నుంచి ఒక పద్ధతి తెచ్చింది. పోలింగ్ రోజు, దానికి ముందు రోజు వేసే రాజకీయ ప్రకటనలకు ముందస్తు ధ్రువీకరణ ఉండాలి. చివరి నిమిషంలో అబద్ధం అచ్చువేస్తే ఖండించడానికి ఎదుటివాళ్లకు సమయం ఉండదు కాబట్టి ఇది అవసరమే. అయినా అది తనిఖీయే తప్ప ప్రచార విరామం కాదు. టీవీలో వేయకూడని ప్రకటనను అదే రోజు పేపర్లో పేజీ నిండా వేయవచ్చు.

సోషల్ మీడియాకు వస్తే, 2017 గుజరాత్ ఎన్నికల్లో పోలింగ్ ముందు రోజు రాహుల్ గాంధీ టీవీ ఇంటర్వ్యూ ప్రసారమైనందుకు ఎన్నికల సంఘం నోటీసు ఇచ్చింది. తర్వాత దాన్ని వెనక్కి తీసుకుంది. 126వ సెక్షన్‌నే మళ్లీ చూడాలని ఒప్పుకుని సీనియర్ డిప్యూటీ ఎన్నికల కమిషనర్ ఉమేశ్ సిన్హా ఆధ్వర్యంలో కమిటీ వేసింది. కమిటీ 2019 జనవరిలో నివేదిక ఇచ్చింది. పత్రికలను, సోషల్ మీడియాను కూడా 48 గంటల విరామం కిందికి తేవాలన్నది అందులో ముఖ్యమైన మాట. ఆ తర్వాత రెండు లోక్‌సభ ఎన్నికలు అయిపోయాయి, సెక్షన్ మాత్రం మారలేదు. దానికి బదులు 2019 మార్చిలో సోషల్ మీడియా కంపెనీలు తమకు తామే ఒక స్వచ్ఛంద నియమావళి రాసుకున్నాయి. విరామ సమయంలో ఉల్లంఘన గురించి సంఘం చెబితే మూడు గంటల్లో చర్య తీసుకుంటామన్నాయి. 48 గంటల్లో మూడు గంటలు చిన్న సంగతేమీ కాదు. వైరల్ అయిన వీడియో ఆ మూడు గంటల్లో ఎన్ని ఊళ్లు తిరుగుతుందో ఫోన్ వాడే ప్రతి మనిషికీ తెలుసు. పైగా కంపెనీ తీసేయగలిగేది డబ్బు కట్టి వేయించిన ప్రకటనను, బహిరంగంగా కనిపించే పోస్టును. గ్రూపుల్లో చేతులు మారే ఫార్వర్డ్‌ల జోలికి అది పోలేదు.

ఇంకో చిల్లు విడతల వల్ల పడింది. 2024 లోక్‌సభ ఎన్నికలు ఏప్రిల్ 19 నుంచి జూన్ 1 వరకు ఏడు విడతలుగా సాగాయి. మన రెండు రాష్ట్రాలకు పోలింగ్ నాలుగో విడతలో, మే 13న. ఇక్కడ మైకులు ఆగిన ఆ రెండు రోజుల్లోనూ తర్వాతి విడతల రాష్ట్రాల్లో సభలు జరుగుతూనే ఉంటాయి, వాటిని టీవీలు చూపిస్తూనే ఉంటాయి. విరామం ఉన్న ప్రాంతాల ఓటర్లను ఉద్దేశించి అక్కడి నుంచి ఓట్లు అడగొద్దని సంఘం సలహా ఇస్తుంది. జాతీయ నాయకుడు టీవీలో మాట్లాడుతుంటే ఏ మాట ఏ జిల్లా ఓటరుకో విడదీయడం ఎవరివల్లా కాదు. తెలుగువాళ్లకు ఇది మరీ దగ్గరి సమస్య. ఒకే తెలుగు చానళ్లు రెండు రాష్ట్రాల్లోనూ వస్తాయి. 2023 నవంబర్ 30న తెలంగాణలో మాత్రమే పోలింగ్. సెక్షన్ వర్తించేది పోలింగ్ జరిగే ప్రాంతానికి. సిగ్నల్‌కు ఆ సరిహద్దు ఉండదు.

ఇవన్నీ పూడ్చుకోవలసిన చిల్లులే. అయినా మొత్తం వ్యవహారంలో ఇవి చిన్నవి. ఓటరు చెవిలో ప్రకటన మొదట పడిన రోజు నుంచి లెక్క వేస్తే ఈ సంగతి అర్థమవుతుంది.

గడియారం ఎప్పుడు మొదలవుతుంది?

చట్టం దృష్టిలో ప్రచార కాలం చాలా చిన్నది. నామినేషన్ల ఉపసంహరణ ముగిసిన తర్వాత పోలింగ్‌కు కనీసం ఇరవై రోజుల వ్యవధి ఉండాలని పాత చట్టం. 1996లో దాన్ని పద్నాలుగు రోజులకు తగ్గించారు. ఖర్చు తగ్గుతుందని, గొడవలు తగ్గుతాయని ఆశ. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపసంహరణకు చివరి రోజు ఏప్రిల్ 29, పోలింగ్ మే 13. సరిగ్గా పద్నాలుగు రోజులు. కాగితం మీద ఇది ప్రపంచంలోని పొట్టి ప్రచారాల్లో ఒకటి. కానీ అదే ఎన్నికకు షెడ్యూల్ ప్రకటించి కోడ్ పెట్టింది మార్చి 16న. అక్కడి నుంచి పోలింగ్‌కు 58 రోజులు. కోడ్ రాకముందు నెలల తరబడి నడిచిన యాత్రలు, సభలు, ప్రకటనలు వేరు.

అభ్యర్థి ఖర్చు లెక్క మొదలయ్యేది నామినేషన్ వేసిన రోజు. చట్టంలోని 77వ సెక్షన్ అలా చెప్పింది. పెద్ద రాష్ట్రాల్లో శాసనసభ అభ్యర్థికి 40 లక్షలు, లోక్‌సభ అభ్యర్థికి 95 లక్షల పరిమితి ఉంది. నామినేషన్‌కు నెల ముందు ఊరంతా కట్టిన ఫ్లెక్సీలు, పుట్టినరోజు శుభాకాంక్షల పేరుతో వేసిన ఫుల్ పేజీ ప్రకటనలు ఆ లెక్కలోకి రావు. పార్టీ తన పేరు మీద పెట్టే ఖర్చుకైతే పరిమితే లేదు. అందుకే తెలివైన అభ్యర్థి డబ్బును ముందే ఖర్చుపెడతాడు, మిగిలింది పార్టీ పద్దులో రాస్తాడు. ఖర్చు తగ్గించాలని గడువు కుదిస్తే, ఖర్చు గడువుకు ముందుకు జరిగింది.

ఇందులో అన్నిటికంటే బాధ కలిగించేది ప్రభుత్వ ప్రకటన. పార్టీ ప్రకటనకు పార్టీ డబ్బు ఖర్చవుతుంది, ఆ డబ్బు ఎక్కడిదన్న సంగతి పక్కన పెడదాం. ప్రభుత్వ ప్రకటనకు ఖర్చయ్యేది ఖజానా. అంటే ఆ ప్రకటన ఎవరికి ఓటెయ్యమని సూచిస్తుందో వాళ్లకు ఓటెయ్యనివాళ్ల పన్ను డబ్బు కూడా అందులో ఉంటుంది. పథకం గురించి జనానికి తెలియజెప్పడం ప్రభుత్వ బాధ్యతే. ఏ ఆఫీసులో దరఖాస్తు చేయాలి, ఏ కాగితాలు కావాలి, చివరి తేదీ ఎప్పుడు అని చెప్పే ప్రకటన ప్రజలకు పనికొస్తుంది. గత అయిదేళ్లలో ఏమేం సాధించామో చెబుతూ, పేజీలో సగం నాయకుడి ఫొటో వేసి, ఎన్నికలకు రెండు నెలల ముందు వచ్చే ప్రకటన వల్ల ఎవరికి ఉపయోగమో చూసిన ఎవరికైనా తెలుస్తుంది. ఏ పార్టీ అధికారంలో ఉన్నా ఇదే పని చేసింది. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు దీన్ని తిట్టని పార్టీ కూడా లేదు.

ఎన్నికల కోడ్‌లో దీనికి స్పష్టమైన నిబంధన ఉంది. ఎన్నికల సమయంలో ఖజానా డబ్బుతో పత్రికల్లో, ఇతర మీడియాలో ప్రకటనలు ఇవ్వడం మానుకోవాలని అధికార పార్టీకి చెబుతుంది. చిక్కల్లా ‘ఎన్నికల సమయం’ షెడ్యూల్ ప్రకటనతోనే మొదలవడం. కోడ్ వస్తుందని తెలిసిన ప్రభుత్వం దానికి ముందు వారాల్లోనే ప్రకటనలన్నీ గుప్పిస్తుంది. కోడ్ వచ్చాక కూడా పక్కదారులు ఉంటాయి. 2023 నవంబర్‌లో తెలంగాణ శాసనసభ ఎన్నికల ప్రచారం చివరికొచ్చిన వేళ, ఇక్కడి పత్రికల్లో కర్ణాటక ప్రభుత్వ పథకాల ప్రకటనలు కనిపించాయి. ఎన్నికలు తెలంగాణలో, ప్రకటన పక్క రాష్ట్ర ప్రభుత్వానిది. ఫిర్యాదులు వచ్చాక నవంబర్ 27న, అంటే పోలింగ్‌కు మూడు రోజుల ముందు, వాటిని ఆపమని ఎన్నికల సంఘం కర్ణాటకకు రాసింది. 2024 మార్చిలో ‘వికసిత్ భారత్’ పేరుతో కేంద్రం తరఫున వాట్సాప్ సందేశాలు కోడ్ వచ్చాక కూడా జనం ఫోన్లకు చేరుతుంటే, ఆపమని మార్చి 21న సంఘం ఐటీ శాఖకు చెప్పాల్సి వచ్చింది. రెండు సందర్భాల్లోనూ సంఘం కదిలింది. రెండు సందర్భాల్లోనూ అప్పటికే ప్రకటన చేరాల్సిన చోటుకు చేరింది.

మరి ముందే ఆపలేమా? ఈ ఆలోచన మన దగ్గర కొత్తది కాదు. సభ గడువు ముగియడానికి ఆరు నెలల ముందు నుంచి ప్రభుత్వ విజయాలను చాటే ప్రకటనలు నిషేధించాలని ఎన్నికల సంఘం 2004లోనే ప్రతిపాదించింది. లా కమిషన్ 2015 మార్చిలో ఇచ్చిన 255వ నివేదికలో ఆరు నెలల ఆంక్షే సూచించింది. అదే ఏడాది మే 13న కామన్ కాజ్ అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు ప్రభుత్వ ప్రకటనలకు మార్గదర్శకాలు పెట్టింది. ప్రకటనల్లో రాష్ట్రపతి, ప్రధాని, ప్రధాన న్యాయమూర్తి ఫొటోలు తప్ప వేరేవి వద్దంది. మరుసటి ఏడాది ఆ నిబంధనను సడలించి ముఖ్యమంత్రులు, గవర్నర్లు, మంత్రుల ఫొటోలకూ ఒప్పుకుంది. ఎన్నికల ముందు ప్రభుత్వ ప్రకటనలపై ప్రత్యేక ఆంక్ష ఉండాలని ఆ కేసులో కోర్టే వేసిన మాధవ మీనన్ కమిటీ సూచిస్తే, మార్గదర్శకాలు పాటిస్తే విడిగా అది అక్కర్లేదని కోర్టు భావించింది. మార్గదర్శకాలు ఎంత బాగా పాటిస్తున్నారో ఏ ఎన్నికల ఏడాదిలోనైనా పది రోజుల పేపర్లు ముందేసుకుని చూస్తే తెలిసిపోతుంది. ఆ రోజు కోర్టు కమిటీ మాట విని ఉంటే బాగుండేది.

ఫ్రాన్స్‌లో ఈ పని చట్టమే చేసింది. అక్కడి ఎన్నికల చట్టం ప్రకారం, ఎన్నికలు జరిగే నెలకు ముందు ఆరు నెలల నుంచి పోలింగ్ వరకు పత్రికల్లో, టీవీ, రేడియోల్లో డబ్బు కట్టి ఎన్నికల ప్రకటన వేయడం నిషిద్ధం. స్థానిక సంస్థలు తమ విజయాలను, తమ పాలనను పొగుడుకునే ప్రచారాలకు కూడా ఆయా ఎన్నికల ముందు ఆరు నెలలు తాళం పడుతుంది. మురుగు కాలువ పనుల వల్ల రోడ్డు మూసేశామని నగరపాలిక ప్రకటన ఇవ్వొచ్చు. ఇన్ని రోడ్లు వేశామని డబ్బా కొట్టుకోవడం కుదరదు. పార్టీలకు మాట్లాడే అవకాశం పోలేదు, ప్రసార సంస్థల్లో సమయం కేటాయిస్తారు. మన దగ్గర కూడా దూరదర్శన్, ఆకాశవాణిలో గుర్తింపు పొందిన పార్టీలకు ఉచిత సమయం 1998 నుంచి ఉంది. చూసేవాళ్లు ప్రైవేటు చానళ్లకు వెళ్లిపోయాక ఆ సమయానికి విలువ తగ్గిపోయింది.

తగ్గిస్తే ఏమవుతుంది?

గడువు పెట్టడం వల్ల నిజంగా ఉపయోగం ఉందా అనే సందేహం న్యాయమైనదే. ప్రకటన మనిషి మనసులో ఎంతకాలం నిలుస్తుందన్న దాని మీద ఇది ఆధారపడుతుంది. 2006లో అమెరికాలోని టెక్సాస్ గవర్నర్ ఎన్నికలో రాజకీయ శాస్త్రవేత్తలు ఒక అరుదైన ప్రయోగం చేశారు. గవర్నర్ రిక్ పెర్రీ టీవీ ప్రకటనలను ఏ ప్రాంతంలో ఎప్పుడు, ఎంత మోతాదులో వేయాలో లాటరీ పద్ధతిలో తేల్చి, రోజూ ఓటర్ల అభిప్రాయం సేకరించారు. ప్రకటన పడిన వారంలో మద్దతు బాగా పెరిగింది. తర్వాతి వారానికే ఆ ప్రభావం దాదాపు ఆవిరైపోయింది.

ఈ ఫలితం నుంచి రెండు సంగతులు తెలుస్తాయి. మొదటిది, చివరి రోజుల ప్రకటనకే పదునెక్కువ కాబట్టి విరామం 48 గంటలే ఉండటం చాలా తక్కువ, అందులోనూ ఫోన్‌ను వదిలేయడం పెద్ద తప్పు. రెండోది అంత తేలిగ్గా కనిపించదు. ఆరిపోయే మంటను నిలపాలంటే కట్టెలు వేస్తూనే ఉండాలి. నెలల తరబడి వేయగలిగేది కట్టెల మోపులు ఎక్కువ ఉన్నవాడే. ప్రకటనల కాలం పెరిగేకొద్దీ పోటీ ఎవరి మాట బాగుందన్న దాని నుంచి ఎవరు ఎక్కువ రోజులు తట్టుకుంటారన్న దానికి మారిపోతుంది. ఇండిపెండెంట్‌గా నిలబడ్డ టీచరమ్మ మొదటి వారంలోనే పోటీ నుంచి తప్పుకున్నట్టే లెక్క, ఆవిడ పేరు ఈవీఎంలో ఉన్నా.

అలాగని కాలాన్ని మాత్రమే కుదిస్తే ఏమవుతుందో జపాన్ చూపిస్తుంది. అక్కడ దిగువ సభ ఎన్నికల ప్రచారానికి 12 రోజులు, ఎగువ సభకు 17 రోజులు. అంతకు ముందు ఓటు అడగడం నేరం. ఇంటింటికీ తిరిగి ఓట్లడగడం కూడా నిషిద్ధమే. ఫలితం ఏమిటంటే, ఆ పన్నెండు రోజులూ పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా మైకుల వ్యానులు వీధుల్లో తిరుగుతూ అభ్యర్థి పేరును పదే పదే అరుస్తాయి. విషయం చెప్పడానికి సమయం ఉండదు, పేరు గుర్తుండటానికే పోటీ. ఇప్పటికే పేరున్న నాయకుడికి, నాయకుడి కొడుక్కి ఇది లాభం. కొత్త అభ్యర్థికి నష్టం. పైగా గడువుకు ముందు ‘ఓటెయ్యండి’ అనే మాట లేకుండా, సభకు రమ్మని చెప్పే పోస్టర్ల రూపంలో ముఖాలు గోడలెక్కుతాయి. మన పుట్టినరోజు ఫ్లెక్సీలకు అవి దూరపు చుట్టాలు.

కెనడా అనుభవం ఇంకో రకం. 2015లో అక్కడ ప్రచారం 78 రోజులు సాగింది. రోజులు పెరిగితే ఖర్చు పరిమితి కూడా పెరిగేలా చట్టం ఉండటంతో, నిధులు ఎక్కువున్నవాళ్లకు పొడవాటి ప్రచారం కలిసొచ్చే అవకాశం ఏర్పడింది. 2018లో చట్టం మార్చి, ప్రచార కాలాన్ని సుమారు 50 రోజులకు మించకుండా కట్టారు. ఎన్నికల ఏడాదిలో జూన్ 30 నుంచి ప్రచారం అధికారికంగా మొదలయ్యేదాకా పార్టీల ప్రకటనలకు విడిగా ఖర్చు పరిమితి పెట్టారు. కాలానికి, డబ్బుకు రెంటికీ ఒకేసారి ముడివేయడం ఇందులో గమనించాల్సింది. ఒకదాన్ని వదిలి ఇంకోదాన్ని కడితే నీళ్లు వదిలిన వైపు నుంచి పోతాయి. 1996లో మనం చేసింది అదే. కాలాన్ని పద్నాలుగు రోజులకు కట్టి పార్టీ ఖర్చును వదిలేశాం.

అమెరికాలో ఇలాంటి చట్టం నిలవదు. ఎన్నికల ప్రకటనకు పెట్టే ఖర్చును వాక్ స్వాతంత్ర్యంలో భాగంగా చూసే తీర్పులు 1976 నుంచి అక్కడ ఉన్నాయి. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నికల ఏడాదిలో నెలల తరబడి ఆ ప్రకటనల మధ్యే గడుపుతాయి. మనకు కూడా రాజ్యాంగంలో వాక్ స్వాతంత్ర్యం ఇచ్చే 19(1)(ఎ) ఉంది. దానికి విధించగల పరిమితులు 19(2)లో లెక్కగా రాసి ఉన్నాయి. ఆ జాబితాలో ‘ఎన్నికల్లో సమాన అవకాశం’ అనే మాట లేదు. 2004లో హైకోర్టు ముందు 7(3) నిబంధన నిలవకపోవడానికి మూలం ఇక్కడే. కాబట్టి రాజకీయ ప్రకటనలన్నిటికీ గంపగుత్తగా గడువు పెడితే కోర్టులో మళ్లీ అదే ప్రశ్న వస్తుంది, రావాలి కూడా. ప్రభుత్వాన్ని విమర్శించే గొంతుకు అధికారంలో ఉన్నవాళ్లు తేదీలు నిర్ణయించే పరిస్థితి ఎవరికీ మంచిది కాదు.

ఈ చిక్కుముడి విప్పాలంటే మాటను, కొన్న మాటను వేరు చేసి చూడాలి. ఇంటింటికీ తిరిగి మాట్లాడటం, పాదయాత్ర, సభ, రచ్చబండ దగ్గర వాదన, ఒక మనిషి తన ఫోన్లో తన అభిప్రాయం రాసుకోవడం, వీటికి ఏ గడువూ అక్కర్లేదు. కొత్తవాళ్లకు ఉన్న బలం ఇదే. దీన్ని కుదిస్తే జపాన్ తప్పే మనమూ చేస్తాం. డబ్బు కట్టి కొన్న టీవీ సెకన్లు, పేపర్ పేజీలు, ఫోన్లో స్పాన్సర్డ్ పోస్టులు, రికార్డు చేసిన కాల్స్ వేరే జాతి. వాటిలో మాట కంటే మోతాదు ఎక్కువ. గడువు పెట్టాల్సింది ఆ మోతాదుకు. ఖజానా డబ్బుతో కొన్న మాటకైతే గడువు ఇంకా ముందే పడాలి, ఎందుకంటే పౌరుడికి ఉన్న వాక్ స్వాతంత్ర్యాన్ని తన ప్రకటనల బిల్లుకు అడ్డంగా చూపించే హక్కు ప్రభుత్వానికి లేదు. రాజ్యాంగపరంగా అన్నిటికంటే తేలికైన సంస్కరణ ఇదే. రాజకీయంగా అన్నిటికంటే కష్టమైనదీ ఇదే, చట్టం చేయాల్సినవాళ్లే దానివల్ల నష్టపోయేవాళ్లు కాబట్టి.

ఆరు నెలల లెక్కకు ఒక గట్టి అభ్యంతరం తెలంగాణ నుంచే వస్తుంది. 2018 సెప్టెంబర్ 6న శాసనసభను దాదాపు తొమ్మిది నెలల గడువు ఉండగానే రద్దు చేశారు. డిసెంబర్ 7న పోలింగ్ జరిగింది. సభ గడువు ముగిసే తేదీ నుంచి వెనక్కి లెక్క వేసే ఏ నిబంధనా ఆ ఏడాది పనిచేసేది కాదు. ఎన్నికల సంఘం అప్పుడే దీనికి సగం జవాబు చెప్పింది. సభ ముందుగా రద్దయితే ఆ క్షణం నుంచే కోడ్ అమల్లోకి వస్తుందని, ఆపద్ధర్మ ప్రభుత్వం కొత్త పథకాలు ప్రకటించకూడదని సెప్టెంబర్ 27న స్పష్టం చేసింది. మిగిలిన సగం జవాబు చట్టంలో రాసుకోవచ్చు. మామూలుగా అయితే సభ గడువుకు ఆరు నెలల ముందు నుంచి, ముందే రద్దయితే రద్దయిన రోజు నుంచి ప్రభుత్వ విజయాల ప్రకటనలు బంద్. వరద హెచ్చరికలు, టీకాలు, పరీక్షల తేదీలు, దరఖాస్తుల గడువులు యథాతథంగా నడుస్తాయి. రద్దుకు ముందు వారాల్లో గుప్పించే ప్రకటనలను ఇది పట్టుకోలేదు, నిజమే. వాటి ఖర్చును శాఖల వారీగా నెలనెలా బయటపెట్టాలన్న నిబంధన ఉంటే కనీసం ఓటరు చేతికి అంకె దొరుకుతుంది.

పార్టీల ప్రకటనల విషయంలో కోడ్ వచ్చిన రోజునే మొదటి గీతగా పెట్టుకోవచ్చు. ఆ రోజు నుంచి పార్టీ పెట్టే ప్రకటనల ఖర్చుకు నియోజకవర్గాల సంఖ్యను బట్టి పరిమితి, అభ్యర్థి ఖర్చు లెక్క కూడా నామినేషన్ రోజుకు బదులు నోటిఫికేషన్ రోజు నుంచే మొదలవ్వాలి. ఈ రెండో మాట లా కమిషన్ కూడా చెప్పింది. చివరి గీత దగ్గర 126వ సెక్షన్‌లో ‘టీవీ, అలాంటి ఇతర సాధనాలు’ అన్న చోట పత్రికను, ఇంటర్నెట్‌లో డబ్బు కట్టి వేసే ప్రకటనను పేరు పెట్టి రాస్తే చాలు. ఫార్వర్డ్‌లను ఈ చట్టం ఆపలేదు, ఆపాలని ప్రయత్నించకూడదు కూడా. డబ్బు కట్టించుకున్న కంపెనీకి మాత్రం ఎవరు కట్టారో, ఎంత కట్టారో, ఏ పిన్‌కోడ్‌కు చూపించమన్నారో తెలుసు. 48 గంటల ముందు ఆ స్విచ్ కట్టేయడం దానికి క్షణాల పని. 2025 అక్టోబర్‌లో యూరప్‌లో పారదర్శకత నిబంధనలు కఠినం కాగానే గూగుల్, మెటా అక్కడ రాజకీయ ప్రకటనలు తీసుకోవడమే మానేశాయి. స్విచ్ ఉందని, అది పనిచేస్తుందని దాంతో తెలిసిపోయింది.

తెలంగాణ శాసనసభ గడువు 2028 డిసెంబర్‌లో ముగుస్తుంది, ఆంధ్రప్రదేశ్‌ది 2029 జూన్‌లో. ఆరు నెలల నిబంధన ఉంటే తెలంగాణలో 2028 జూన్ నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2028 డిసెంబర్ నుంచి ప్రభుత్వ విజయాల పేజీలు ఆగాలి. అలా ఆగాలంటే ప్రజాప్రాతినిధ్య చట్టానికి సవరణ అంతకంటే ముందే పార్లమెంటులో ఆమోదం పొందాలి. రెండు రాష్ట్రాల్లోనూ ఇప్పుడు ప్రతిపక్షంలో ఉన్న పార్టీలు తమ ఎంపీల చేత ఒక ప్రైవేటు మెంబర్ బిల్లు, అంటే మంత్రి కాని ఎంపీ పెట్టే బిల్లు, పెట్టించడానికి ప్రభుత్వ అనుమతి అక్కర్లేదు.